మిషను ఒక వాటా, క్యాసెట్లు ఒక వాటా

మాచర్ల పక్కన మా ఊళ్ళో నాన్న, పెదనాన్న వేరుపడినప్పుడు ఎడ్లు, పొలం, వాముల దొడ్డి అన్నీ పెద్దమనుషులు సజావుగానే పంచారు. చివర్లో వీసీఆర్ దగ్గర ఆగారు. పంచుతున్నాయన ఇంట్లో అలాంటిది ఎన్నడూ లేదు. "పెద్దోడికి మిషను, చిన్నోడికి క్యాసెట్లు. మిషను ఒకటే, క్యాసెట్లేమో గంపెడు. చిన్నోడే లాభపడ్డాడు పో" అని తీర్పు చెప్పాడు. తర్వాత వాకిలి మధ్య నాపరాళ్ళ గోడ లేచింది.

ఆ గంపలో మా చిన్నత్త పెళ్ళి క్యాసెట్ ఉంది. పెళ్ళయిన ఏడాదికే నాయనమ్మ పోయింది. ఆమె నడుస్తూ, నవ్వుతూ కనిపించేది లోకంలో ఆ ఒక్కచోటే. క్యాసెట్ మా దగ్గర, దాన్ని ఆడించే మిషను గోడవతల.

నాన్న పంతం పట్టి నరసరావుపేట వెళ్ళి ఇంకో వీసీఆర్ కొనుక్కొచ్చాడు. క్యాసెట్ వెంట తీసుకెళ్ళి పెట్టి చూడాలని తోచలేదు. ఇంటికొచ్చి చూస్తే దాని నోరు చిన్నది, మా క్యాసెట్ పెద్దది. తిరిగి ఇవ్వబోతే కొట్టతను, "బొమ్మ దీంట్లోనే బాగుంటది బాబాయ్, క్యాసెట్లు మార్చుకోండి" అన్నాడట. నాయనమ్మను ఎక్కడ మార్చుకొస్తాం?

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా మాచర్ల గ్రంథాలయంలోనే. అక్కడి పాత పత్రికలు తిరగేసి సంగతి పట్టుకున్నాను. వి.హెచ్.ఎస్., బీటా అని రెండు రకాలు. మా క్యాసెట్ మొదటి రకం, నాన్న తెచ్చిన మిషను రెండో రకం. తయారుచేసినవాళ్ళు ఒక కొలతకు ఒప్పుకోలేదు. గోడలు మా వాకిట్లో మాత్రమే లేవవని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని పెళ్ళి క్యాసెట్ విప్పబోతున్నాడు.

"ఏంది నాన్నా ఆ పని?"

"టేపు వెడల్పు ఒకటేగదే. దీంట్లోంచి తీసి చిన్నదాంట్లోకి చుడితే పోలా?"

"వెడల్పు ఒకటే. బొమ్మ ఎక్కించే తీరు వేరు. చుట్టావంటే ఇందులోనూ ఆడదు, అందులోనూ ఆడదు. నాయనమ్మ రెండోసారి పోద్ది."

"లైబ్రరీలో చెప్పారా?"

"చెప్పలా. చదివా."

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. క్యాసెట్ లాక్కుని బయటికి నడిచాను. పట్టపగలు, అరుగుల మీద అందరూ చూస్తుండగా, ఓణీ చాటున దాచకుండా చేత్తో పట్టుకునే వెళ్ళాను. "ఆ గడప తొక్కావంటే మళ్ళీ ఇంటికి రాబాకు" అని నాన్న వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

పెదనాన్న మంచం మీదనుంచి లేవలేదు. "ఏందే, మీ నాయన పంపాడా?"

"ఎవరూ పంపలా. మీ అమ్మ ఇందులో ఉంది. మిషను నీ దగ్గరుంది. అమ్మని చూస్తావా, పంతం చూసుకుంటావా?"

"నోరు చూడు దీనికి!" అంది పెద్దమ్మ వంటింట్లోంచి. కానీ వచ్చి టీవీ మీది గుడ్డ తీసింది ఆమే.

క్యాసెట్ లోపలికి జారింది. మనుషుల మాటలు వినపడవు; వీడియో తీసినతను మొత్తం సినిమా పాటలు అతికించాడు. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. చేతిలో వడ్డించిన విస్తరి, కళ్ళు జనంలో ఎవరికోసమో వెతుకుతున్నాయి.

పెదనాన్న గొంతు పెంచాడు, గోడవతలికి వినపడేటంత. "విస్తరి పట్టుకుని అమ్మ నాకోసమే చూస్తంది!"

గోడవతలనుంచి జవాబొచ్చింది. "నీకోసం కాదు, నాకోసం! ఆ రోజు అలిగి అన్నం తిన్లా నేను!"

"గోడవతలుండి నీకెట్టా కనపడిందిరా? వచ్చి చూసి చెప్పు!"

నాన్న వచ్చాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. నాయనమ్మ విస్తరి ఎవరికో అందించబోయేంతలో కెమెరా పందిరి లైట్ల మీదికి వెళ్ళిపోయింది.

"మళ్ళీ వెయ్యవే" అన్నారు ఇద్దరూ.

ఆ తగవు ఇంకా తేలలేదు. ఆ పెళ్ళిని క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకుంటూ వచ్చాను. మొన్న మా టీవీ ఆ ఫైలు ఆడదంది. షాపతను, "కొత్త టీవీ తీసుకోండి ఆంటీ, ఆ ఫార్మాట్ ఇప్పుడెవరూ వాడట్లా" అన్నాడు.

కొనను. ఫైలు మార్చే పద్ధతి చెప్పే పుస్తకం గ్రంథాలయంలో దొరికింది, సగం చదివాను. ఆదివారం ముసలాళ్ళిద్దరూ తగవుకి వస్తారు. ఈలోపు మిగతా సగం చదువుతాను.