పదిహేడు సైకిల్స్ కరెంటు

మా ఇల్లు కొత్తవాడలో. బాపు జంపఖానాలు నేసేవాడు. డెబ్భైల చివర్లో నేను వరంగల్‌లోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. అవే యాభై సైకిల్స్. ఆ ఊపు ఎంత ఎక్కువైతే దూరం పోయే లైను కరెంటుకు అంత అడ్డం పడుతుంది. ఊపు తగ్గిస్తే అదే లైను మీద ఎక్కువ కరెంటు పంపొచ్చని ఒక పుస్తకంలో రెండే వాక్యాలున్నాయి. నాకు కళ్లారా చూడాలనిపించింది.

"ఎందుకమ్మా? అందరి తీరుగ మోటర్ మీద ప్రాజెక్టు చెయ్, మార్కులొస్తయి" అన్నారు మా సార్. నేను వినలేదు.

మా ల్యాబులో పొడుగాటి లైనుకు బదులు కాయిల్స్, కండెన్సర్లు బిగించిన చెక్కపెట్టెలు వరసగా ఉండేవి. ఒక చివర జనరేటర్, ఇంకో చివర బల్బులు. ల్యాబ్ మెకానిక్‌ను అందరం చాచా అనేవాళ్లం. ఆయన సాయంతో జనరేటర్ వేగాన్ని మూడోవంతుకు దించాను. పదిహేడు సైకిల్స్ వచ్చాయిగానీ బల్బులు వెలగనే లేదు. వెనక నిలబడ్డ క్లాసు పిల్లలు నవ్వారు. ఏడుపు ఆపుకుని ఇంటికొచ్చాను.

అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. తప్పు లైనుది కాదు. నెమ్మదిగా తిరిగితే జనరేటరే తక్కువ వోల్టేజీ ఇస్తుంది. యాభై సైకిల్స్‌ను కూడా అదే వోల్టేజీకి దించి పోల్చాలి.

"ఫికర్ చెయ్యకు బేటీ, మల్ల చేద్దాం" అని చాచా తక్కువ వోల్టేజీ బల్బులు వెతికి తెచ్చాడు. ఈసారి యాభైలో బల్బుల తీగలు ఎర్రగా కనబడ్డాయి, అంతే. వోల్టేజీ మారకుండా చూసుకుంటూ పదిహేడుకు దించగానే ల్యాబంతా వెలుతురు. చాచా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

కాలేజీ హాలుకు జంపఖానాలు దించడానికి బాపు ఆ రోజే వచ్చాడు. ఉరికిపోయి చెయ్యి పట్టి తీసుకొచ్చాను. చెప్పులు గడప బయట విడిచి, బల్బులను చాలాసేపు చూశాడు.

"వెలుగు మంచిగున్నది బిడ్డా. గని జర వణుకుతాంది."

పక్కన మీటర్లు చూస్తున్న మా సార్ చటుక్కున తిరిగి చూశారు. "నేత కన్ను కదా! ఊపు నిదానమైతే కంటికి చిక్కుతది. ఆ వణుకే దీని లోపం. మరేం చేస్తవమ్మా?"

"ఊరు చేరినంక మళ్ల యాభైకి మార్చాలె సార్. ఆ మెషిన్ మన దగ్గర లేదు."

"లేదని కూడా రిపోర్టుల రాయి" అన్నారు. ఆ గొంతులో వెనకటి విసుగు లేదు. మరుసటేడు నుంచి జూనియర్లకు అదొక ప్రయోగంగా పెట్టారు. ఒక జూనియర్ చూపించిన ప్రయోగాల కాయితం మీద దాని పేరు చూసుకున్నప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగింది.

బాపు మాత్రం అప్పటికే మా గల్లీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పేశాడు: "మా బిడ్డ పదిహేడు సైకిల్ల కరెంటు చేసింది!"

"అన్ని సైకిల్లు ఎవలు తొక్కిన్రు మామా?" అని పక్కింటాయన అడిగితే, బాపు మగ్గం ఆపి, ఆయన్ను కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా విడమరిచి చెప్పాడు.