గీకి తీసిన కణాలు

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున నేను క్లాసుకు బయల్దేరుతుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి, "అక్కను ప్రభువు పిలుచుకున్నాడండి" అన్నారు. నలుగురిలాగే నేనూ ఆవిడ మంచితనం గురించి నాలుగు మాటలు రాసి ఊరుకోవచ్చు. కానీ ఆవిడకు నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని ఆవిడ ముందు సరిదిద్దుకునే వీలు ఇక లేదు గనుక మీతో చెప్పుకుంటున్నాను.

మేడమ్ నా పీహెచ్‌డీ గైడ్. గుంటూరు వైపు నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడ్డ కుటుంబం. మనిషి సన్నం, గొంతు పెద్దది. టిఫిన్ డబ్బా తెరిచే ముందు తలవంచి ప్రార్థన చేసుకునేవారు. ఆ అర నిమిషం తప్ప మిగతా రోజంతా మమ్మల్ని ప్రశ్నలతో కాల్చుకు తినేవారు. కరెంటు పోతే మాట మధ్యలో ఆపి ఫ్రీజర్ వైపు చూసేవారు. ఏమొచ్చిందని కాదు, ఎలా చేశావనే ముందు అడిగేవారు. "ఫలితం నచ్చినప్పుడే రెండోసారి చెయ్యాలి. నచ్చనప్పుడు ఎలాగూ చేస్తాం" అనేది ఆవిడ మాట. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా పని చెప్పాలంటే, ప్రతి కణం పైపొర మీద రిసెప్టర్లు అనే ప్రోటీన్లు బయటికి తల పెట్టి ఉంటాయి. బయటి కబురు లోపలికి చేరవేసేవి అవే. కొన్ని ఎంజైములు కత్తెరలా వాటి తల కత్తిరించి పడేస్తాయి. ఒక మందు పెడితే కణంలోని ఏ కత్తెర పనిచేస్తుందో కనిపెట్టడం నా వంతు. రెండేళ్లు ఏమీ దొరకలేదు. మూడో ఏట దొరికిందనుకున్నాను. ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి ఎక్స్‌రే ఫిల్మ్ మీద అచ్చు తీస్తే పెద్దవి పైన, చిన్నవి కింద గీతలుగా పడతాయి. మందు పెట్టిన కణాల రిసెప్టర్ తెగి, కింద చిన్న గీతగా కనబడింది. మందు పెట్టని వాటిలో పైన పెద్ద గీత ఒక్కటే ఉంది.

మేడమ్ డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో దాన్ని చూపించారు. పేపర్ టైపు చేయించి పోస్టుకు సిద్ధం చేశాం. మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మా నాన్న, కొడుకు కొత్త సంగతి పట్టాడని చుట్టుపక్కల దుకాణాలన్నిటికీ లడ్డూలు పంచాడు. ఏం పట్టాడని ఎవరో అడిగితే, "గదంత మనకు సమజ్ గాదు గని, పెద్దదే" అన్నాడట.

నా మనసులో మాత్రం ఒక ముల్లు ఉండేది. ప్లేటు అడుగున అంటుకుని పెరిగే కణాలను ఊడదీయడానికి ట్రిప్సిన్ అనే ద్రవం పోస్తాం. పేపర్ టైపు చేయించడానికి నెల ముందు ఒకరోజు అది అయిపోతే, పైపెట్ అనే గాజు గొట్టం కొనతో గీకి తీశాను. ఆరోజు ఫిల్మ్‌లో తెగిన గీత రాలేదు. ప్రయోగం చెడిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది గనుక అనుకున్నాను. ఆ ఫిల్మ్‌ను నోట్‌బుక్‌లో అతికించకుండా సొరుగు అడుగున పెట్టేశాను.

పేపర్ పంపే రోజు మేడమ్ కవరు మీద చిరునామా రాస్తూ ఆగి, "మందు పెట్టిన కణాలు ఎంతసేపటికి ఊడుతున్నాయి బాబూ?" అన్నారు.

అవి గట్టిగా అంటుకుంటాయని, అందుకే వాటికి ట్రిప్సిన్ ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచుతున్నానని చెప్పాను.

ఆవిడ పెన్నుకు మూతపెట్టారు. ట్రిప్సిన్ కూడా ఎంజైమే, ప్రోటీన్లను కోసేదే. నేను కణంలో వెతుకుతున్న కత్తెరను నేనే సీసాలోంచి పోస్తున్నానేమో. ఆ మాట ఆవిడ అనలేదు. పేపర్ ఆపుదామని, ట్రిప్సిన్ లేకుండా మళ్లీ చెయ్యమని అన్నారు. నా ఫెలోషిప్‌కు అప్పటికి రెండు నెలలే మిగిలాయి.

కణాలను గీకే పరికరం విదేశం నుంచి రావాలంటే నెల పడుతుంది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని మోండా మార్కెట్‌కు వచ్చి, పాలసీసాల రబ్బరు పీకలు అరడజను కొన్నారు. వాటిని ముక్కలుగా కోసి గాజు కడ్డీలకు తొడిగి, కుక్కర్‌లో ఉడికించి వాడతామట. దారిలో నాన్న చూసి దుకాణంలో కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. మా ముఖాలు చూసి నాన్నకు ఏదో అనుమానం వచ్చింది.

"మావోనితోని ఏమన్న తక్లీఫా మేడం?"

"నాతోనేనండీ తక్లీఫ్. నేను సరిగా నేర్పలేదు" అన్నారావిడ. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

పది రోజుల తర్వాత డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ఇద్దరం నిలబడ్డాం. ట్రేలోని ద్రవంలో ఫిల్మ్ ఆడించాను. పై గీతలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి, మందు పెట్టినవీ పెట్టనివీ ఒకేలా. కింద ఏమీ రాలేదు. మేడమ్ ఇంకో నిమిషం ఆగమన్నారు. అప్పుడూ రాలేదు.

"ఇలా వస్తుందని నీకు ముందే తెలుసా?" అన్నారు, ఫిల్మ్ మీంచి చూపు తిప్పకుండా.

"తెల్వదు మేడమ్" అన్నాను.

ఆవిడ తల ఊపారు. నమ్మారో లేదో ఈరోజుకీ నాకు తెలియదు.

ఆ శుక్రవారం ఆవిడ తనంతట తానే సెమినార్ పెట్టించుకున్నారు, పాత ఫలితం తప్పని చెప్పడానికి. నేను వెనక వరసలో కూర్చున్నాను. తప్పు నాదని తేలితే ఇంకే ల్యాబూ నన్ను గడప తొక్కనివ్వదు. నాన్న లడ్డూలు పంచిన దుకాణాల ముందు నుంచి ఎలా నడవాలో కూడా నాకు తెలియదు. ఈ పని చేసిందెవరని ఒక ప్రొఫెసర్ కాస్త వెటకారంగానే అడిగాడు.

"పద్ధతి నాదండి. తప్పూ నాదే" అన్నారు మేడమ్.

నేను లేవాల్సింది. సొరుగులో ఉన్న ఫిల్మ్ సంగతి చెప్పాల్సింది. కాళ్లు సహకరించలేదంటే అదీ అబద్ధమే. లేవకపోతే బతికిపోతానని తెలిసే కూర్చున్నాను. తర్వాత ఆవిడ నాకు ఏడాది పొడిగింపు ఇప్పించారు, వేరే పని చేయించి డిగ్రీ చేతికిచ్చారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిందే. బోయిగూడ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ చెబుదామనుకుని, చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి.

ఆ రోజు సెమినార్‌లో ఆ ప్రొఫెసర్ కూర్చున్నాక మేడమ్ ప్రొజెక్టర్ మీద పాత ఫలితం గీతలున్న ప్లాస్టిక్ షీటు పెట్టారు. కిందటి సెమినార్ కోసం దాని మూలన నీలి మార్కర్‌తో నా పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్నది నేనే. తెర మీద గీతలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట తెల్లటి వెలుతురు మాత్రం పడుతోంది. తప్పు గీత ఏదో చూపించడానికి మేడమ్ చెయ్యి చాచారు. స్పిరిట్ దూదితో ఎంతసేపు రుద్దారో, వేళ్ల కొసలన్నీ నీలంగా ఉన్నాయి.