కుట్టుకి వదిలిన పావంగుళం

మా పెద్దమ్మ తన కత్తెర ముట్టుకున్నవాళ్ళని క్షమించదు. పన్నెండేళ్ళ కిందట మా అమ్మ ఆ కత్తెరతో పాల ప్యాకెట్టు మూల కత్తిరించింది. ఇప్పటికీ మా ఇంట్లో ఏ గొడవ జరిగినా, అది దేని గురించైనా సరే, మూడో మాటగా ఆ పాల ప్యాకెట్టు వచ్చి కూర్చుంటుంది.

పెద్దమ్మ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ కటింగ్ టేబుల్ ఆవిడదే. మందపాటి బట్ట నాలుగు పొరలు పరిచి, పైన సుద్దతో గీత గీసి, చేత్తోనే కోస్తుంది. అక్కడ చెయ్యి నూలుపోగంత పక్కకి పోయినా నాలుగు చొక్కాలు పోయినట్టే. అందుకే ఆ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి కార్ఖానాలో మర్యాద ఎక్కువ, స్నేహితులు తక్కువ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు" అంటుంది. అది హాస్యమో నిజమో తేల్చుకునే ధైర్యం మాకెవరికీ లేదు.

మూడు నెలల కిందట పై అరలోంచి బట్ట తానొకటి తీయబోయి స్టూలు మీంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతుక్కుంది, ఇక మీ పని మీరు చేసుకోండి అన్నాడు. పెద్దమ్మ ఇంటికొచ్చి కత్తెరని పాత జాకెట్టు గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టించింది. అప్పట్నుంచి కూరలు కూడా అమ్మే తరుగుతోంది. చెయ్యి ఎలా ఉందంటే "లాగుతోంది" అంటుంది. ఎక్కడ లాగుతోందంటే చెప్పదు.

పోయిన బుధవారం కార్ఖానా ఓనరు ఫోన్ చేశాడు. ఆయన గొంతు పెద్దది, మా గది చిన్నది, అంతా వినపడింది.

"సోమవారం వస్తే టేబుల్ మీదే అక్కా. రాకపోతే కాలర్లు కుట్టే ఆవిడకి ఇచ్చేస్తాను. మీరు ప్యాకింగులో కూర్చుందురుగాని, అక్కడ శ్రమ ఉండదు."

"చూస్తాను" అని పెద్దమ్మ పెట్టేసింది. మడతపెట్టిన చొక్కాలకి గుండుసూదులు గుచ్చుతూ పెద్దమ్మని ఊహించుకోవడం మాకు చేతకాలేదు. ఆవిడకీ చేతకాలేదనుకుంటాను, ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచింది.

ఇక నా సంగతి. నాకు ముప్ఫై రెండేళ్ళు. మందుల గోడౌన్లో బిల్లులు కొడతాను. శనివారం మధ్యాహ్నాలు ఒక స్టేషనరీ షాపు మేడ మీద కార్డులాట ఆడతాను. పేకాట కాదు. ఈ ముక్క మా అమ్మకి ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని చెబుతున్నాను. ఇందులో ఒక్కో కార్డు మీద ఒక మృగమో, కోటో, మంత్రగాడో ఉంటాడు, వాడి బలమెంతో రాసి ఉంటుంది. ఎవరికి వాళ్ళు అరవై కార్డులు ఏరి కట్టగా తెచ్చుకుని, ఎదుటివాళ్ళ మీదికి ఒక్కొక్కటే వదులుతారు. అసలు కార్డులు మా ఊళ్ళో దొరకవు. అందుకని అందరం ఇంట్లోనే ప్రింటు తీసి, కత్తిరించి, ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ తొడుగులో దూర్చి ఆడుకుంటాం.

ఆ కత్తిరించడం దగ్గరే నా బండారం బయటపడింది. నేను కత్తిరించినవి ఎలకలు కొరికినట్టుంటాయి. మేడ మీద ఒకాయన ఉన్నాడు, ఏ తగువొచ్చినా ఆయనే తీర్చాలి, అందరం రూల్సన్న అంటాం. ఆ ఫోనుకి ముందు శనివారం ఆయన నా కట్ట చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో తొడుగుల్లోంచి పొడుచుకొచ్చిన అంచులు తడిమి, "ఇది నీ గుర్రం" అన్నాడు. తీసి చూస్తే గుర్రమే. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే వెనక నుంచే కార్డు తెలిసిపోతుంది, తెలిసిపోతే అది దొంగాట కింద లెక్క.

"వచ్చే శనివారానికి అరవయ్యీ ఒక్క కొలతలో ఉండాలి. లేదంటే పక్కన కూర్చుని చూడు తల్లీ" అన్నాడు.

మళ్ళీ మందపాటి కాగితం మీద ప్రింటు తీశాను. ఒక్కో కాగితానికి ఆరు చొప్పున పది కాగితాలు. కార్డుకీ కార్డుకీ మధ్య వేలెడు ఖాళీ వచ్చింది. అది తగ్గించడం నాకు తెలియలేదు. ప్రతి కార్డు చుట్టూ సన్నటి నల్లగీత. పదో కాగితంతో ఇంకు అయిపోయింది.

గురువారం మా గోడౌనుకి సెలవు. పొద్దున్నే కాగితాలు తీసుకెళ్ళి పెద్దమ్మ ముందు పెట్టాను. ఆవిణ్ణి మళ్ళీ పనిలో పెట్టడానికి నేనేదో ఎత్తు వేశానని మా అమ్మ ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. అలాంటిదేమీ లేదు. నాకు కార్డులు కావాలి, అంతే.

"పెద్దమ్మా, ఇవి గీత చూసి కత్తిరించిపెట్టవూ."

"చెయ్యి లాగుతోంది."

"బట్ట కాదుగా. కాగితమే."

"కాగితానికి నా కత్తెర ఇవ్వను. పదును పోతుంది."

"నీ కత్తెర ఎవరడిగారు?"

"అడక్కే" అంది అమ్మ వంటింట్లోంచి. "పాల ప్యాకెట్టుకే పన్నెండేళ్ళు పడింది."

పెద్దమ్మ ఆ మాట విననట్టు కళ్ళజోడు పెట్టుకుని మొదటి కాగితం ఎత్తి చూసింది.

"వీడెవడు?"

"మంత్రగాడు."

"భుజం దగ్గర అంగీ సరిగ్గా కూర్చోలేదు" అంది. కాగితం మాత్రం కింద పెట్టలేదు.

కాగితం నమూనాలు కోయడానికి ఆవిడ దగ్గర వేరే పాత కత్తెర ఒకటి ఉంది. దాన్ని తెచ్చిచ్చాను. కిటికీ పక్కన కూర్చుని, కత్తెర తెరిచి, కాగితం అంచుకి ఆనించింది. మూయలేదు. చాలాసేపు అలాగే ఉంది.

"భయమేస్తోందే" అంది.

పెద్దమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. "ఉత్త గాడిద పెద్దమ్మా అది, పోతే పోయింది" అన్నాను. ఆవిడ చేతి కింద ఉన్నది గాడిద కాదు, గుర్రం. నా కట్టలో దాన్ని మించింది లేదు.

"నువ్వు ఎదురుగా కూర్చోకు" అంది.

లేచి వెళ్ళి బట్టలు ఉతుక్కున్నాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. రెండు గంటల తర్వాత వచ్చేసరికి కాగితాల ముక్కలన్నీ ఒక సంచిలో, కార్డులన్నీ ఒక కట్టగా ఉన్నాయి. పై కార్డు తీసి తొడుగులో పెట్టబోయాను. దూరలేదు. నల్లగీత చుట్టూ నాలుగు వైపులా తెల్లటి అంచు మిగిలి ఉంది. రెండోది తీశాను. దానికీ అంతే. అరవయ్యీ అంతే.

నాకు ముక్కు మీద కోపం, దాచుకోవడం తెలియదు.

"ఇదేంటి పెద్దమ్మా? గీత చూసి కత్తిరించమన్నాగా."

"చూసే కత్తిరించాను. గీత కుట్టుకి. కోత దాని బయట పావంగుళం."

"ఇందులో కుట్టేదేముంది?"

ఆవిడ నా వంక చూసింది, కార్డు వంక చూసింది. కుట్టేదేమీ లేదు. ఇరవై ఆరేళ్ళుగా గీత కనపడితే దానికి బయట కోసిన మనిషి. కాగితమైతే మాత్రం ఆ చెయ్యి గీత మీదికి ఎందుకెక్కుతుంది? అది నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు, మూతి ముడుచుకుని నిలబడ్డాను.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"నేను ముందే చెప్పాను. నా పనైపోయింది. ఓనరుకి ఫోన్ చేసి ఆ ప్యాకింగులోనే కూర్చుంటానని చెప్పెయ్."

అప్పుడు అమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కార్డులాటకీ పేకాటకీ తేడా తెలియని మా అమ్మ ఆ కట్ట తీసుకుని, పేకముక్కల్ని సర్దినట్టే బల్ల మీద రెండుసార్లు తట్టి నిలబెట్టింది. అరవై కార్డులూ ఇటుకలా నిలబడ్డాయి. ఏ వైపు చూసినా ఒక్క అంచు బయటికి రాలేదు. అమ్మ టేపు తీసి కొలిచింది. పావంగుళం. మధ్యలోంచి ఒకటి లాగి కొలిచింది. పావంగుళం. అట్టడుగుది కొలిచింది.

"చెయ్యి బాగానే ఉందక్కా" అంది. "బుర్రే ఇంకా కార్ఖానాలో ఉంది."

పెద్దమ్మ కట్ట అందుకుంది. కళ్ళు మూసుకుని బొటనవేలు ఒక అంచు మీద పైనుంచి కిందికి పోనిచ్చింది. తర్వాత రెండో అంచు. మూడోది. నాలుగోది. వేలు ఎక్కడా ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది. కార్డుల గురించి కాదు.

"ముక్కు చీది రా. మళ్ళీ కోయాలి, పక్కన కూర్చుని అందిద్దువుగాని" అంది పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే.

మధ్యాహ్నమంతా అరవై కార్డులకీ నాలుగేసి వైపులు మళ్ళీ కోసింది, ఈసారి గీత మీద. కుట్టుకి ఏమీ వదలకుండా కోయడం ఆవిడకి మహా సిగ్గుగా అనిపించిందట, పని అయ్యేదాకా కిటికీ తలుపు వేయించింది.

శనివారం రూల్సన్న నా కట్ట తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు మూసుకున్నాడు.

"ఎక్కడ కోయించావ్?"

"మా పెద్దమ్మ కోసింది."

"ఏ మిషను మీద?"

"మిషను కాదు. మా పెద్దమ్మ."

ఆయన కట్ట నాకిచ్చి, తన కార్డుల అంచు ఒకసారి తడిమి చూసుకుని, వాటిని జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజు నేను నాలుగు ఆటలు ఆడి నాలుగూ ఓడిపోయాను.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏమైంది?"

"అన్నీ ఓడిపోయాను."

"కోత వల్లా?"

"కాదు. నా ఆట వల్ల."

"అయితే సరే" అంది. అని లోపలికెళ్ళి స్టూలు బీరువా దగ్గరికి లాగింది. స్టూలు చప్పుడు వినగానే అమ్మా నేనూ ఒక్క ఉదుటున పరిగెత్తాం. అమ్మ ఎక్కింది. జాకెట్టు గుడ్డ మూట రెండు చేతులతో, ఇనుము ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా దింపి అక్క చేతిలో పెట్టింది. పెద్దమ్మ మూట విప్పి, కత్తెర గాలిలో రెండుసార్లు ఆడించి, మరమేకు దగ్గర మిషను నూనె చుక్క వేసింది.

"సోమవారం నాకు క్యారేజీ కట్టు" అంది అమ్మతో.

అమ్మ అలాగేనని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా చాలాసేపు బయటికి రాలేదు.