తీగ పాకం నెత్తురు

మా పెదనాన్నకు జగ్గయ్యపేటలో మిఠాయి కొట్టుంది, ఒంట్లో షుగరుంది. రెండూ తాతగారి నుంచే వచ్చాయని మా ఇంట్లో గౌరవంగా చెప్పుకుంటారు.

ఈమధ్య ఆయన నందిగామలో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పారు: ఇంట్లో అటూ ఇటూ నడుస్తుండండి, పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఈ మాట పెదనాన్న చెవిలో పడింది గానీ సగమే. నడక బయటే ఉండిపోయింది, గడ్డ లోపలికెళ్ళింది.

మర్నాడు పొద్దున షుగరు చూసుకోవడానికి వేలు గుచ్చుకున్నారు. తీరా చూస్తే మిషన్లో బ్యాటరీ అయిపోయింది. పెద్దమ్మ కొత్తది వెతికేలోపు ఆయన చేతులు తమకు అలవాటైన పని చేసేశాయి. నెత్తుటి బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వేళ్ళు విడదీశారు. సన్నటి తీగ సాగింది.

"తీగ పాకం," అన్నారట.

కొట్టులో ఆయన చట్టం ఒకటుంది. పాకం తీగ వచ్చిందంటే దింపేయాలి, ఆపైన గరిటె తగలకూడదు. కదిపితే పలుకులు కట్టి పాడవుతుంది. ఆ చట్టాన్ని ఇప్పుడు తన ఒంటికి వర్తింపజేసుకున్నారు. ఆ ఆదివారం నేను చూడటానికి వెళ్ళేసరికి మంచం మీద వెల్లకిలా ఉన్నారు. తల తిప్పడం లేదు, కళ్ళు మాత్రమే తిప్పుతున్నారు.

నా వెనకే మైలవరం నుంచి పెద్దమ్మ తమ్ముడు దిగారు. ఈ మావయ్య ఏ ఇంటికి పరామర్శకు వెళ్ళినా అక్కడి రోగానికి ప్రమోషన్ వస్తుంది.

"బావగారి రక్తమంతా పాకమైపోయిందంట గదా అక్కా," అని గుమ్మంలోనే కండువా కళ్ళకు అద్దుకున్నారు.

"అంతా కాదు మావయ్యా, లడ్డూలకు సరిపడా," అన్నాను.

"నీకు వేళాకోళంగా ఉందిరా," అంది పెద్దమ్మ. "బాత్రూముకి తప్ప లేవట్లేదు మనిషి. ఆ ఎడం కాలు చూడు."

చూశాను. పిక్క ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. నా దగ్గరున్న జోకులన్నీ కాసేపు కనపడకుండా పోయాయి.

ఇంజినీరింగులో ద్రవాల సబ్జెక్టు నేను సప్లీ రాసి గట్టెక్కాను, కాబట్టి పాసైనవాళ్ళకన్నా ఎక్కువే చదివాను. రక్తం నీళ్ళలా పారదు, పాకంలానూ పారదు. అందులో ఎర్రకణాలు మధ్యలో నొక్కిన బిళ్ళల్లా ఉంటాయి. ప్రవాహం మందగిస్తే అప్పడాల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి, రక్తం చిక్కబడుతుంది. వేగం పెరిగితే దొంతర విడిపోతుంది. ఒక్కో కణం సాగి, పొడుగై, తనకన్నా ఇరుకు సందులోకి కూడా నడుం వంచి దూరిపోతుంది. మా చుట్టాల్లో ఎవరికీ లేని సర్దుకుపోయే గుణం అందరి ఒంట్లోనూ తిరుగుతూనే ఉందన్నమాట.

"బయటికొచ్చిన బొట్టు గడ్డకట్టడం దాని డ్యూటీ పెదనాన్నా. లోపల అట్లా ఉండదు. ఎంత కదిలితే అంత పల్చగా పారుద్ది."

"కదిపితే పాకం పల్చబడుద్దా? మూకుడు ముందు జుట్టు నెరిసినోణ్ణి, నాకు చెబుతున్నావా?"

"కదలమాకండి బావగారూ," అన్నారు మావయ్య.

శాస్త్రం మూసేసి వంటింట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ తోడేసిన పెరుగు గిన్నె తెచ్చి, పెదనాన్న కళ్ళు తిరిగే మేరలో పట్టుకుని కాస్త వంచాను. పెరుగు కదల్లేదు. గరిటెతో గిలక్కొట్టి మళ్ళీ వంచాను. గ్లాసులోకి జారింది.

"నీ రక్తం పాకం కాదు, ఇదుగో, ఈ పెరుగు లాంటిది. తోడేసిన గిన్నెను పెద్దమ్మ ఎవర్నీ ముట్టనివ్వదు. ఎందుకు?"

"కదిపితే తోడుకోదు గదా," అంది పెద్దమ్మ. అన్నాక మంచం వైపు చూసింది. కదలకుండా పెట్టిన గిన్నె అక్కడే ఉంది. "ఏమండీ, లెగండి."

పెదనాన్న తల తిప్పి తన పిక్క వంక చూసుకున్నారు. "కారు తియ్యరా," అన్నారు.

నందిగామలో స్కాన్ తీశారు. పిక్కలో గడ్డ ఉంది. చిన్నదే. ఊపిరితిత్తుల దాకా పోయి ఉంటే మావయ్య కండువాకు అసలైన పని పడేదని డాక్టరు వేరే మాటల్లో చెప్పారు. మావయ్య ఈసారి ఏడవలేదు. నిజంగా భయపడ్డ మనిషికి కండువా గుర్తురాదు.

వార్డులో చేర్చుకుని, రక్తం పల్చబడే మందులని చెప్పి ఇచ్చారు.

"చూశావా, చిక్కబడిందనే గదా పల్చబరుస్తున్నారు," అన్నారు పెదనాన్న.

ఆ మందు రక్తాన్ని పల్చన చెయ్యదనీ, కొత్త గడ్డ కట్టకుండా చూస్తుందనీ చెప్పబోయి మానుకున్నాను. గెలిచాననుకున్న మనిషి హుషారుగా నడుస్తాడు.

నడవచ్చని డాక్టరు చెప్పగానే వార్డులో అటూ ఇటూ మొదలుపెట్టారు. పక్క మంచం మీదాయన కాళ్ళు చాపుకుని కదలకుండా పడుకుని ఉన్నాడు. పెదనాన్న ఆయన దగ్గర ఆగి, సొంతంగా కనిపెట్టిన సంగతిలా చెప్పారు.

"అట్లా పడుకోమాకండి. తోడుకుంటారు."

ఆయనకు కాలు విరిగిందని నర్సు చెప్పింది.

"అయితే రెండో కాలు కదపండి," అన్నారు పెదనాన్న, నడుస్తూనే.