తెర వెనక జహాజ్

మా కొడకండ్లలో సుతారి కనకయ్య కట్టని గోడ తక్కువ. తాపీ పట్టేది ఎడమ చేత్తో. ఏ ఇంటి పునాదికి ముగ్గు పోసినా, మొదటి ఇటుక మాత్రం ఆ చేత్తో పెట్టనివ్వరు ఇంటివాళ్లు. డెబ్బై దాటినా ప్రతిసారీ అదే పోట్లాట, అదే జవాబు.

"జహాజ్ మీద అంతమందిని గెలిచినోడు పుర్రచెయ్యోడే సారూ! కండ్లార జూసిన."

అతని చిన్నప్పుడు ఊళ్లో డేరా టాకీసువాళ్లు ఆడించిన పాత మూకీ సినిమా అది. పేరు ఎవరికీ తెలియదు. సముద్రం ముఖం చూడని మనిషిని ఒక ఓడ ఇన్నేళ్లు ఎట్లా పట్టుకుంది? రిటైరైన పంతులును, నాకు ఇంతకంటే పనేముంది! ఫోన్‌లో వెతికి వెతికి, మా కొత్త గదికి ముగ్గు పోసే ముందురోజు పట్టేశాను.

కనకయ్య, భార్య చిలుకమ్మ వచ్చి కూర్చున్నారు.

"అగో, కట్టె మీద కోతి! అగో, పీపాల దాసుకున్న వంటోడు!" అని కనకయ్య ఎగిరాడు. అంతలో వీరుడు కత్తి దూశాడు. కుడి చేత్తో.

"ఏమయ్యా, గీయనది కుడిచెయ్యే గద! గిన్నేండ్లు జహాజ్ జహాజ్ అని మమ్ముల ముంచినవ్" అని చిలుకమ్మ పకపకా నవ్వింది.

కనకయ్య నవ్వలేదు. "రేపు కుడిచేత్తోనే పెడ్త తియ్యి సారూ" అని లేచాడు.

నాకు మనసొప్పలేదు. కోతి అదే, పీపా అదే, చెయ్యొక్కటే ఎట్లా మారింది?

"టికెట్ కొని చూసినవా కనకయ్యా?"

"పైసలేడియి? తెర ఎనుక కూసునేటోళ్లం. ఆడ అడిగేటోడు లేడు."

నేను గంతేసినంత పని చేసి, గోడకున్న అద్దం తెచ్చి ఫోన్ ముందు పెట్టాను. అద్దంలో వీరుడు ఎడమ చేత్తో పొడుస్తున్నాడు!

"అంటే ముందటోళ్లకు కుడిచెయ్యోడు, మాకు పుర్రచెయ్యోడా?"

"గంతే."

"మరి అసలుకు?"

అబద్ధమెట్లా చెప్పను? "కుడిచెయ్యే."

కనకయ్య అద్దం దగ్గరికి జరిగాడు. "మల్ల పెట్టు సారూ. అద్దంలనే." చివరిదాకా కదల్లేదు.

మర్నాడు మా ఆవిడ స్వరూప ఎదురుగా నిలబడి పసుపు పూసిన ఇటుక అందించింది. "కుడిచేత్తో, కనకయ్యా!"

అతను ఎడమ చేత్తోనే అందుకున్నాడు. "నువ్వు నిలవడ్డ కాడి నుంచి జూడమ్మా. గిది నీ కుడిదిక్కే గద!"

ఆమె తన చేతులు చూసుకుని తేల్చుకునేలోపు ఇటుక నేల మీద కూర్చుంది.

"జహాజ్ ఇంక మునిగేటట్టు లేదు" అంది చిలుకమ్మ.