మంచి తెలుగులో రాయండి

మా కోచింగ్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు ఉందని కింద బోర్డు ఉండేది గానీ అది నడవగా నేను చూసింది తక్కువ. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు. నేను పాఠాలు చెప్పేదాన్ని కాదు. కంప్యూటర్లు, ఫోన్ యాప్, వీడియో పాఠాలు చూసుకునేదాన్ని. పదేళ్లు ఐటీ కంపెనీలో చేసి, రోజూ నగరం ఆ చివరికి వెళ్లిరావడం విసుగెత్తి, కొత్తపేటలో మా ఇంటికి దగ్గరని ఈ ఉద్యోగంలో చేరాను. చిన్నాపెద్దా అందరూ మేడం అనేవాళ్లు. నాకు అది బాగానే ఉండేది.

సందేహాలు తీర్చలేక మాస్టార్ల ప్రాణం పోతోందని, ఆ పని ఏఐకి అప్పగిస్తే బాగుంటుందని మా డైరెక్టర్‌గారికి తోచింది. ఆయనది నల్గొండ దగ్గర పల్లె. లెక్కల మాస్టారుగా మొదలుపెట్టి సొంత సెంటర్ దాకా వచ్చిన మనిషి. పని నా మీద పెట్టారు. ఒక్క ఏఐ మోడల్‌తో పని జరగదని రెండు రోజుల్లోనే తెలిసింది. చిన్న మోడల్ చకచకా జవాబు చెబుతుంది, కానీ తిరకాసు లెక్క వస్తే తప్పులో కాలేస్తుంది. పెద్దది బాగా చెబుతుంది, కానీ నెమ్మది, పైగా ఖర్చెక్కువ. అందుకని మధ్యలో ఒక గేట్‌వే కట్టాను. యాప్‌లో వచ్చిన ప్రతి ప్రశ్నా ముందు అక్కడికే రావాలి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాసేవాళ్లు నువ్వు ఫలానా గదికి వెళ్లు అని చెప్పినట్టు, ఏ ప్రశ్న ఏ మోడల్ దగ్గరికి పోవాలో అది చూసి పంపిస్తుంది.

మొదటి వారంలో వచ్చినవాటిలో ప్రశ్నల కంటే గుడ్ మార్నింగ్‌లే ఎక్కువ. గులాబీ పూలు, దేవుడి బొమ్మలు, హాయ్ బ్రో అని పలకరింపులు, ఊరికే అక్షరాలు నొక్కి పంపడాలు. వాటన్నిటికీ మోడళ్లు ఎంతో శ్రద్ధగా జవాబులు రాసి పంపుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. గేట్‌వేలో ఇంకో దారి పెట్టాను. మెసేజీలో సగం గానీ అంతకు మించి గానీ మాటలు నా దగ్గరున్న మాటల పట్టికలో లేకపోతే అది ఏ మోడల్ దగ్గరికీ పోదు. "దయచేసి మీ ప్రశ్నను స్పష్టంగా రాయండి" అని ఒక్కటే జవాబు వెనక్కి వెళ్తుంది. పట్టికను పాఠ్యపుస్తకాల నుంచీ పత్రికల నుంచీ పోగుచేశాను. సరిచూడటానికి నలభై ప్రశ్నలు నేనే కూర్చుని రాశాను. నలభైకి నలభై సరైన దారిలో పోయాయి. ఆ రోజు ఇంటికి వెళ్తూ తెగ మురిసిపోయాను. నేను రాసిన ప్రశ్నలు నా పట్టికలో పాసవడంలో గొప్పేముందని అప్పుడు తట్టలేదు.

నా తెలుగు సంగతి కూడా చెప్పాలి. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది మలక్‌పేటలో, పెరిగింది కొత్తపేటలో. చదువూ పెళ్లీ, పరీక్షల ముందు కర్మన్‌ఘాట్ గుళ్లో ప్రదక్షిణలూ అన్నీ ఇక్కడే. అయినా బడి నుంచి వచ్చి "ఏంది" అని నోరు జారితే అమ్మ అన్నం వడ్డించే గరిటె ఆపేసేది. మళ్లీ సరిగ్గా అను, అనేది. సరిగ్గా అన్నాకే అన్నం. తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆ మాటలు బయట, ఈ మాటలు ఇంట్లో, అంతే. అలా పెరిగి నలభై దాటాను. ఇక్కడివాళ్లు ఎంత వేగంగా మాట్లాడినా నాకు అర్థమవుతుంది, నా నోటికి మాత్రం ఒక్క ముక్క రాదు. దాన్ని లోపమని నేనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే, అదో శుభ్రమని అనుకున్నాను.

గేట్‌వే పెట్టిన నెలకో ఏమో, ఒక మధ్యాహ్నం ఒకామె మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ నా గదికి వచ్చింది. ఎల్బీనగర్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుందట. ఆ రోజు సెలవు కాబట్టి షేర్ ఆటో పట్టుకుని వచ్చింది. మా దగ్గర ఆన్‌లైన్ పాఠాలకు చేరింది. మిగతావన్నీ వస్తాయి, పోయినసారి లెక్కల దగ్గరే ఉద్యోగం చేజారింది, వయసు పరిమితి వల్ల ఇక ఈ పరీక్షే ఆఖరిది. ఇవన్నీ నిలబడే చెప్పి, ఫోన్ నా ముందు పెట్టింది.

"అందరికి జవాబులు ఒస్తున్నయట మేడం. నాకు పదిహేను రోజుల సంది గిదొక్కటే ఒస్తున్నది. నా ఫోనేమన్న ఖరాబైందా?"

మెసేజీలు పైనుంచి కిందికి చూశాను. "సార్ గీ లెక్క ఎట్ల జేసిర్రు జర సమజ్ గాలే" అని అడిగింది. దాని కింద దయచేసి స్పష్టంగా రాయండి. ఇంకో లెక్క ఫొటో, ఇంకో రెండు ముక్కలు, దాని కింద మళ్లీ దయచేసి. మొదట్లో పొడుగ్గా అడిగింది. పోనుపోను పొట్టిగా అడిగింది. ఆఖరున "సార్ ఉన్నరా" అని ఉంది. దానికీ అదే జవాబు.

తప్పెక్కడుందో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. గీ, ఎట్ల, జేసిర్రు, జర, సమజ్, గాలే. ఇందులో ఒక్కటీ నా పట్టికలో లేదు. తప్పు నాది, సాయంత్రానికల్లా సరిచేస్తాను అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఆ వారమే డైరెక్టర్‌గారు నా పనిని స్టాఫ్ అందరి ముందూ మెచ్చుకున్నారు, అదొక కారణం. అసలు కారణం వేరే. ఆమె రాసింది తప్పని నేను నిజంగానే అనుకున్నాను. అమ్మ గరిటె ఆపినట్టే, ఏమాత్రం కోపం లేకుండా చెప్పాను.

"మీ ఫోన్ బాగానే ఉందండీ. కాస్త మంచి తెలుగులో రాయండి, జవాబు వస్తుంది."

ఆమె ముఖం చిన్నబోయింది. మంచి తెలుగంటే ఎట్లుంటుందని మెల్లగా అడిగింది. నాకు ఉత్సాహం వచ్చింది. తెల్లకాగితం తీసి మధ్యలో గీత కొట్టి ఎడమవైపు ఎట్ల, కుడివైపు ఎలా అని రాశాను. ఏంది ఉన్నచోట ఏమిటి. జరకి కొంచెం. సమజ్ గాలే అంటే అర్థం కాలేదు. కాగితం నిండేదాకా రాసిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. నా ముందే "ఈ లెక్క ఎలా చేశారు" అని కూడబలుక్కుంటూ కొట్టింది. జవాబు వచ్చింది. దండం పెట్టి వెళ్లింది. ఆ దండం నేను తీసుకున్నాను కూడా.

ఆ కాగితం నకలు డైరెక్టర్‌గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివారు.

"మస్తున్నది మేడం. గిట్లనే పెద్దగ రాయించి గోడకు అంటియ్యిర్రి," అన్నారు.

ఆయన అన్న ఆ మాటనే యాప్‌లో కొడితే నా గేట్‌వే ఆయన్ని కూడా దయచేసి స్పష్టంగా రాయమనేది. అది ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. "ప్రశ్న ఇలా అడగండి" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం. పిల్లలు నవ్వుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫిర్యాదులు రాలేదు. సమస్య తీరిపోయిందని చేతులు దులుపుకున్నాను.

పరీక్ష అయిపోయాక, ఎంతమంది యాప్ వాడుకున్నారో చూడమని డైరెక్టర్‌గారు అడిగితే గేట్‌వే రికార్డులు తెరిచాను. వెనక్కి పంపిన మెసేజీల కుప్పలోకి మొదటిసారి వెళ్లాను. గులాబీలూ గుడ్ మార్నింగ్‌లూ ఉంటాయనుకున్నాను. ఉన్నాయి. కానీ వాటి మధ్యలో నిఖార్సయిన ప్రశ్నలు బోలెడు. నల్గొండవి, ఖమ్మంవి, పాలమూరువి, ఎవరి మాటల్లో వాళ్లు అడిగినవి. ఒక పదింటిని తీసి, నా పట్టికను పక్కనపెట్టి, నేరుగా మోడళ్లకు పంపాను. చిన్న మోడల్ సైతం తడుముకోకుండా జవాబు చెప్పింది. "జర సమజ్ గాలే" అంటే దానికి బాగానే సమజైంది. తెలియనిది నా గేటుకే. ఆ నియమం తీసేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పడానికి కూడా సిగ్గు. టీ చల్లారలేదు.

తర్వాత ఆమె పేరు మీద వెతికాను. కాగితం ఇచ్చిన రోజు నాలుగు ప్రశ్నలు. మర్నాడు రెండు. వారం తర్వాత ఒకటి, అదీ సగంలో ఆగిపోయింది. ఆ పైన పరీక్ష దాకా ఏమీ లేదు.

ఫోన్ చేయవచ్చు. కానీ ముఖం చూపించకుండా చెప్పే సంగతి కాదనిపించింది. మరుసటి రోజు మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లి షాపు వెతుక్కున్నాను. ఆమె అద్దాలు తుడుస్తోంది. నన్ను చూసి గబగబా స్టూలు జరిపింది.

"రండి మేడం, కూర్చోండి. ఎలా ఉన్నారు? మంచినీళ్లు తాగుతారా?" అంది.

అచ్చం మా ఇంట్లో మాట. నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోకుండానే చెప్పాను. మీ ఫోనూ బాగానే ఉంది, మీ తెలుగూ బాగానే ఉంది, తప్పు నేను పెట్టిన నియమానిది, ఆ సంగతి మీరు వచ్చిన రోజే నాకు తెలుసు అని. ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. పరీక్ష ఏమైందని అడిగాను. జవాబుల కీతో సరిచూసుకున్నానని, లెక్కల్లోనే పోయిందని చెప్పింది. మరి డౌట్లు ఎందుకు అడగలేదు, జవాబులు వచ్చేవి కదా అన్నాను. ఇంకా ఆ మాట అనే ధైర్యం నాకెలా వచ్చిందో తెలియదు.

ఆమె తన మాటలోనే, నెమ్మదిగా చెప్పింది.

"అడిగేటివి మస్తుండె మేడం. ఫోన్ తీసుకుంటుంటి. మీ కాయితం ముందర పెట్టుకొని ఒక్కొక్క మాట మార్చుకుంటుంటి. అన్ని మార్చినంక చూస్తే, నేనేం అడగాలనుకున్ననో నాకే సమజ్ కాకపోతుండె."

నన్ను క్షమించండి అన్నాను. అది కూడా నా తెలుగులోనే అన్నాను. ఇంకోలా అనడం నాకు రాదు.