బావ కుక్క పళ్ళు

బావ పోయిన నెలకి నేను పెదబయలు వెళ్ళాను. అప్పటికి కర్మకాండలు అయిపోయి, వచ్చిన చుట్టాలందరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆసుపత్రి క్వార్టర్లో మా అప్ప ఒక్కతే మిగిలింది. అక్కని మా ఇళ్ళలో అప్ప అనే పిలుస్తాం. తను అక్కడి ఆసుపత్రిలో నర్సు. బావది కాఫీ తోటల మీద తిరిగే ఉద్యోగం. జీపులో కొండ ఊళ్ళకి వెళ్ళి, మొక్కలకి నీడ ఎంత ఉండాలో, కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో చెప్పి వస్తుండేవాడు. ఆ ఏడు వానల్లో జ్వరం తగిలింది. మలేరియా మెదడుకెక్కింది. ఎందరి వేళ్ళో పొడిచి రక్తం తీసి, ఎందరికో మాత్రలు మింగించిన మా అప్ప, తన మొగుణ్ణి విశాఖపట్నం తీసుకెళ్తూ ఘాట్ రోడ్డు మధ్యలోనే పోగొట్టుకుంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కొండెక్కలేదు. "నువ్వెల్లి కొన్నాళ్ళుండు. దాన్నొక్కదాన్నీ ఒగ్గీకు" అని నన్ను పంపింది.

నేను సాలూరులో లారీల బుకింగ్ ఆఫీసులో పని చేసేవాణ్ణి. పెళ్ళి కాలేదు. పొద్దుటినుంచీ డ్రైవర్ల కేకలు, ఫోన్లు, లోడింగు గొడవలు. అలా బతికినవాణ్ణి తీసుకొచ్చి ఆ ఇంట్లో కూర్చోబెడితే నాకు ఊపిరాడలేదు. ఏడుస్తున్న మనిషి పక్కన ఏం చెయ్యాలో నాకు తెలీదు. పోనీ అప్ప ఏడిస్తే బాగుండును. ఏడవదు. వంటింట్లోంచి వీధి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి నడుస్తూ ఉంటుంది. గ్లాసు తీస్తుంది, నీళ్ళు తాగకుండానే పెట్టేస్తుంది. నేను కారే కుళాయి బిగించాను. వదులైన నవ్వారు మంచం మళ్ళీ అల్లాను. కిటికీ గడియలకి నూనె రాశాను. రెండో వారానికి ఆ ఇంట్లో బాగుచెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. బయట వాన మాత్రం ఆగలేదు.

మాతో పాటు తిరిగే మూడో ప్రాణి బావ కుక్క. గోధుమ రంగుది, వేలాడే చెవులు. సగం నాటు, సగం ఎవరో ఆఫీసరు గారింటి జాతికుక్క పోలిక. బావ దానికి పేరు పెట్టలేదు. నాలుకతో అంగిలి మీద టకటకమని ఒక చప్పుడు చేసేవాడు, అది ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఆ చప్పుడు నాకూ రాలేదు, అప్పకీ రాలేదు. కాబట్టి దాన్ని పిలిచే దిక్కు లేదు. గేటు దగ్గర నుంచుంటుంది, పెరట్లోకి వెళ్తుంది, మళ్ళీ గేటు దగ్గరికొస్తుంది. అన్నం పెడితే వాసన చూస్తుంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, కింద పడేసి వెళ్ళిపోతుంది. పక్కటెముకలు తేలాయి.

"అయ్య కోసం బెంగెట్టుకుందమ్మా" అనేది ఆసుపత్రిలో పనిచేసే ఆయా. ఆమెది దగ్గర్లోనే కొండ మీద ఊరు. రోజూ సాయంత్రం వచ్చి అప్పని పలకరించి పోయేది. "మడిసి కన్నా నయం. మడిసయితే మరిసిపోద్ది."

ఆ మాట అప్పకి పట్టుకుంది. ఎవరొచ్చినా అదే చెప్పేది. "సూసేరా, ముద్ద ముట్టడం లేదు. నాకూ దానికే తెలుసు." చీకటి పడే వేళకి ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చునేవారు. అప్ప చెయ్యి దాని వీపు మీద ఉండేది. ఆ కాసేపే అప్ప ఒకచోట నిలకడగా కూర్చోవడం నేను చూసింది.

ఒక మధ్యాహ్నం తోచక నేనే దానికి అన్నం కలిపి చేత్తో పెట్టబోయాను. ముద్ద ఎడమ దవడ వైపు వెళ్ళిందో లేదో, కుయ్యిమని అరిచి తల విదిలించింది. ముందుకాలితో మూతి గీరుకుంది. అప్పుడొచ్చింది దాని నోటి కంపు. వసారా అవతలికి వెళ్ళి తుప్పున ఉమ్మి వచ్చాను. తర్వాత నెమ్మదిగా దాని పెదవి ఎత్తి చూశాను. దవడ పళ్ళన్నిటికీ గోధుమరంగు గార, అట్టలు కట్టేసి ఉంది. చిగుళ్ళు ఎర్రగా వాచాయి. ఒక పన్ను చుట్టూ చీము.

"అప్పా, దీనికి బెంగ కాదే. పళ్ళు పుచ్చిపోయేయి."

అప్ప గుమ్మంలో ఆగిపోయింది. "నీకేటి తెలుసు?"

"నువ్వే సూడు. నర్సువి కదా."

"నానేటీ సూడను. ఆయన పోయిన కాడ్నుంచే అది తినడం మానేసింది. పళ్ళు ఆరోజే పుచ్చిపోయేయేటి?"

"అంతకు ముందు నుంచే ఉంటాది. ఎవులూ సూడలేదు."

అప్ప చీపురు తీసుకుని పెరట్లోకి నడిచింది. కానీ నాకో పని దొరికింది. మర్నాడు పొద్దున్నే బావ జీపు డ్రైవరుని బతిమాలుకుని, కుక్కని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాడేరు మీదుగా విశాఖపట్నం దిగాను. ఘాట్ మలుపుల్లో అది రెండుసార్లు నా ఒళ్ళోనే కక్కింది. వస్తావా అని అడిగితే అప్ప రాలేదు. ఆ రోడ్డు తను దిగదని నాకు అప్పుడు తట్టలేదు.

అక్కడ పెంపుడు జంతువుల డాక్టరు దానికి మత్తిచ్చి, గారంతా గీసి, చీము పట్టిన పన్ను పీకేశాడు. "పాపం, చాలా నెలల నుంచి నొప్పి భరించింది" అన్నాడు. "పుండు మానేదాకా మెత్తటి తిండి పెట్టండి. మానాక రోజూ పళ్ళు తోమాలి, లేకపోతే గార మళ్ళీ పడుతుంది. మన పేస్టు వాడకండి, అది మింగేస్తుంది. వట్టి నీళ్ళు చాలు."

కుక్కకి పళ్ళు తోమడమేమిటని నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్ళు చోడి అంబలి, అదే రాగి జావ, తాగించాం. నేనే కాచాను. తర్వాత మామూలు బ్రష్షు కొనుక్కొచ్చి తోమబోతే పెద్ద యుద్ధమైంది. నా చెయ్యి మోటు. రుద్దితే చిగురుకి తగిలేది, తగిలితే అది పళ్ళు బిగించేది. ఒక బ్రష్షు కొరికి రెండు ముక్కలు చేసింది. ఆ రోజు చిరాకుతో ఇల్లంతా తిరుగుతుంటే, స్నానాల గది అలమరలో బావ బ్రష్షు కనిపించింది.

బావకి చిగుళ్ళ జబ్బు ఉండేది. విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు చెప్పాడని అల్ట్రాసోనిక్ బ్రష్షు తెప్పించుకున్నాడు. తెల్లటి లావు పిడి, కింద చార్జింగు పెట్టుకునే దిమ్మ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాడు. "దీని కుచ్చు తిరగదు, రుద్దక్కర్లేదు. చెవికి వినపడని కంపనంతోనే పాచి వదిలిపోద్ది" అని పాఠం చెప్పేవాడు. కొండ మీద కరెంటు ఉన్నప్పుడు చార్జింగు పెట్టుకుని, లేనప్పుడు దాచుకుని వాడేవాడు. పక్కనే విప్పని ప్యాకెట్లో కొత్త కుచ్చులు ఉన్నాయి.

పాత కుచ్చు తీసి కాగితంలో చుట్టి అలమరలోనే పెట్టాను. కొత్తది తగిలించాను. కరెంటు రాగానే చార్జింగు పెట్టాను. సాయంత్రం వసారాలో కుక్కని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పెదవి ఎత్తుతున్నాను.

"ఏటి సేత్తన్నావు?"

అప్ప నా వెనకే నుంచుంది.

"కొత్త కుచ్చు ఎట్టేనప్పా. బావది తీసేసేను."

"పిడో? అది ఆయన పట్టుకున్నది కాదేటి?"

లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. చెయ్యి సగం దాకా చాపి, మళ్ళీ కొంగులోకి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది. మానేద్దామా అనుకున్నాను. తర్వాత మీట నొక్కాను.

చప్పుడు లేదు. అరచేతిలో సన్నటి వణుకు మాత్రం తెలిసింది. తడి కుచ్చుని కోరపన్ను దగ్గర, చిగురు అంచున ఆనించాను. కుక్క కళ్ళు పెద్దవి చేసింది. చెవులు వెనక్కి పెట్టింది. కానీ నోరు మూయలేదు. రుద్దే మోటుతనం లేదు కాబట్టి దానికి నొప్పి తెలియలేదనుకుంటాను. రెండు పళ్ళు అయ్యేసరికి చాలించాను. మర్నాడు ఇంకో రెండు. పై దవడ వెనక పళ్ళ దాకా వెళ్ళడానికి చాలా రోజులే పట్టింది. అప్ప ఆ వేళకి పెరట్లోకి వెళ్ళిపోయేది.

కుక్క తినడం మొదలెట్టింది. మొదట భయం భయంగా కుడివైపు నమిలింది, తర్వాత రెండు వైపులా. పళ్ళెం నాకి, ఇంకా కావాలని పళ్ళేన్ని మూతితో నెట్టేది. పక్క క్వార్టరు కోళ్ళని తరిమింది. గేటు దగ్గర నుంచోవడం తగ్గింది. ఒళ్ళు చేసింది.

నాకు చెప్పలేనంత సంతోషం. అప్ప మాత్రం దాని ముఖం చూడడం మానేసింది. సాయంత్రం అది అలవాటుగా మెట్ల మీదికి వచ్చి పక్కన కూర్చుంటే, లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఒకసారి తోక ఊపుకుంటూ కాళ్ళకి అడ్డం పడితే, "ఫో అవతలికి! మూణ్ణెల్లకే మరిసిపోయేవు" అని కసిరింది. కుక్క చెవులు దించుకుని మంచం కిందకి దూరింది. నాకు మండుకొచ్చింది.

"నొప్పి తగ్గింది, తింటంది. అదేం తప్పు సేసిందప్పా?"

ఆ రోజూ, మర్నాడూ నాతో కూడా మాట్లాడలేదు. నేను బ్యాగు సర్దుకున్నాను, మళ్ళీ విప్పాను. ఆఫీసు వాళ్ళు కబురు మీద కబురు పెడుతున్నారు. వెళ్ళిపోదామని ఉంది, ఈ పరిస్థితిలో ఎలా వెళ్ళను? బస్సు హారను వినపడినప్పుడల్లా కాళ్ళు లాగేవి.

మూడోనాడు మధ్యాహ్నం ఆయా వెదురు కొమ్ములు, అంటే లేత మొలకలు, కూర వండి తెచ్చి ఇచ్చి వెళ్ళింది. నేను వసారాలో కునికిపాట్లు పడుతున్నాను. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, అప్ప పొయ్యి దగ్గర నిలబడి, అన్నం గిన్నెలోనే కూర వేసుకుని, గబగబా తింటోంది. పెద్ద పెద్ద ముద్దలు. నన్ను చూడగానే ఆగిపోయింది. నోట్లో ముద్ద అలాగే ఉంది. ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు గిన్నె వెనక్కి జరిపింది.

"ఆకలేసిందిరా" అంది.

"తినప్పా. తింటే ఏటయింది?"

"రోజూ ఏస్తంది." ముద్ద మింగింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "ఆయన పోయిన మూడోనాడే ఆకలేసింది. ఎవులికీ సెప్పలేదు. అందరూ తినమంటే వొద్దని, ఎనక్కెల్లి అటుకులు బొక్కేను. ఆ కుక్క ముట్టట్లేదు, నాను తింటన్నాను. దాని పక్కన కూకుంటే, అది నా బదులు ఉపాసం ఉన్నట్టుండేది. ఇప్పుడదీ తింటంది. ఇంకెవులున్నార్రా ఆయనకి?"

అప్ప చేతిలోంచి గిన్నె తీసుకుని, పీట వాల్చి, కంచంలో వడ్డించాను. నాకూ వడ్డించుకున్నాను. ఇద్దరం కూర్చుని తిన్నాం. అప్ప ఏడుస్తూనే రెండోసారి అడిగి వేయించుకుంది. అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. ఎక్కిళ్ళకి పొలమారింది కూడా. కుక్క గుమ్మంలోకొచ్చి నుంచుంది, లోపలికి రాలేదు. కాసేపటికి అప్పే ఒక ముద్ద పెట్టింది.

తర్వాతి సోమవారం అప్ప డ్యూటీలో చేరింది. నేను సాలూరు వెళ్ళిపోయాను. వెళ్ళే ముందు బ్రష్షు ఎలా పట్టుకోవాలో చూపించబోతే, "నాకు సెప్పకు, నాను నర్సుని" అని తోసేసింది. చేస్తుందో లేదోనని నాకొకటే గుబులు. లోడింగు మధ్యలో ఆసుపత్రికి ఫోను చేసేవాణ్ణి. "కుక్క పళ్ళు తోమేవా?" అంటే, "ఇక్కడ జ్వరాలతో సస్తంటే నీకు కుక్క పళ్ళేట్రా!" అని పెట్టేసేది. తోమానని గాని, లేదని గాని ఎప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ళకి అప్పకి రాజవొమ్మంగి బదిలీ అయింది. సామాను సర్దడానికి వెళ్ళాను. కొత్త క్వార్టర్లో మొదటి పొద్దున్న లేచి చూసేసరికి, అప్ప తెల్ల చీర కట్టుకుని డ్యూటీకి తయారై, కింద చతికిలబడి ఉంది. కుక్క దానంతటదే వచ్చి తల ఆమె ఒళ్ళో పెట్టింది. అప్ప దాని పెదవి ఎత్తి, బావ బ్రష్షుతో నిమ్మళంగా ఒక్కొక్క పన్నే తోముకుంటూ పోతోంది. ఆ పళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే తలెత్తి, "యెలుతురికి అడ్డం లేరా, బేగి" అంది. తప్పుకున్నాను. వీధిలో ఎవరిదో మోటారు సైకిలు వెళ్ళింది. కుక్క తడి మూతితోనే ఒక్క ఉదుటున లేచి దాని వెంట పడింది. అప్ప బ్రష్షు చేత్తో పట్టుకుని, చీర మడమల మీదికి ఎత్తుకుని, కొత్త ఊళ్ళో ఎవరు చూస్తున్నారని కూడా లేకుండా దాన్ని తిట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.